పేగుల మేడం

కళింగపట్నం నుంచి సిక్కోలు దాకా నిలువెత్తు సొరచేపని భుజాన వేసుకుని తెచ్చినవాణ్ణి నేను. దాని తల నా చెవి పక్కన, తోక నా మడమల దగ్గర. దారిపొడవునా కుక్కలు వెంటపడ్డాయి, కాకులు గొడుగు పట్టాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునే మనిషిని, చెట్టుకీ చేమకీ పేగులుండవు కాబట్టి సుఖంగా బతుకుతున్నవాణ్ణి, అంత సాహసం ఎందుకు చేశానంటే పక్క గదిలో జంతుశాస్త్రం చెప్పే ఆవిడ కోసం. పిల్లలకి తాజా సొర పొట్ట చూపించాలని ఆవిడ పట్టు పట్టింది.

ఆవిడ మొన్నామధ్య పోయింది.

రిటైరైన లెక్చరర్లం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్ గులాబీకీ ఇంకెవరో పెట్టిన మోకాళ్ల నొప్పుల చిట్కాకీ మధ్యన ఇరుక్కుని ఉంది ఆ కబురు. చదివి లేచాను. లేచినవాణ్ణి ఇంకా సరిగ్గా కూచోలేదనే చెప్పాలి. గుమ్మం దాకా వెళ్తాను, చెప్పులేసుకుంటాను, ఎక్కడికో తెలీక మళ్లీ విప్పేస్తాను. ఈ నాలుగు ముక్కలూ కొన్ని వంటింటి గట్టు మీద, కొన్ని మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి రాసినవే. మా ఆవిడ చూసి చూసి, "ఏటండీ ఆ తిరుగుడు, గుడ్డు పెట్టబోయే కోడిలాగ. ఒక కాడ కూకోండి" అంది. కూచుంటే ఆ పోయినావిడ గుర్తుకి రాదు. ఆవిడెప్పుడూ కూచుంటే కదా.

నెల్లిమర్ల వెళ్లి చూసొచ్చాను. ఆవిడ చెల్లెలి ఇంట్లో ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. గుండె ఆగిందట. నేను మొహం వైపు చూడలేదు, కాళ్ల వైపు చూశాను. ఆవిడ పాదాలు రెండూ ఒకే చోట ఆగి ఉండగా చూడ్డం నాకు అదే మొదలు. కాసేపుంటే లేచి వీధిలోకి నడుస్తుందేమో అన్నట్టు నా కాళ్లే జివ్వుమన్నాయి. అక్కడ కూడా నిలబడలేక బయటికొచ్చేశాను.

పేరు రాయను. పిల్లలు పెట్టిన పేరు చాలు: పేగుల మేడం. ఆ పేరు ఆవిడకి తెలుసు. కొత్త బ్యాచి వచ్చిన మొదటి రోజే, "నా వెనక నన్నేమంటారో నాకు తెలుసు. ఆ పేరుకి తగ్గట్టే ఉంటాను, మీరు కూడా తగ్గట్టే చదవండి" అని చెప్పేసేది. ఆ తరవాత వాళ్లు ఆ పేరుతో ఏం ఏడిపిస్తారు?

ఇది రాయమని అడిగింది నూకరత్నం. కళింగపట్నంలో చేపల వాళ్ల పిల్ల, మేడం దగ్గర చదువుకుంది, ఇప్పుడు ఒక బడిలో సైన్సు టీచరు. పాత విద్యార్థులంతా కలిసి మేడం మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, నన్నూ ఓ వ్యాసం ఇమ్మంది. అడగడానికి అందరికంటే హక్కున్న పిల్ల. ఈవేళ అది ఊపిరి పీలుస్తోందంటే మేడం వల్లే. ఒకనాడు సముద్రపొడ్డున దాని ప్రాణం పోయేదే, ఆవిడ అడ్డం పడింది. ఆ కథ చెప్పాలంటే ముందు మనిషి తెలియాలి.

మనిషి సన్నం. నడుముకి కొంగు బిగించి ఉండేది, అదిగో ఇప్పుడే ఎవరితోనో తగువుకి బయల్దేరినట్టు. వాళ్ల నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు ఊరి గుర్తుగా ఆవిడ హ్యాండ్ బ్యాగులో ఎప్పుడూ ఒక పురికొస ఉండ ఉండేది. దువ్వెన లేకపోయినా సరే, పురికొస ఉండాలి. దాంతో ఆవిడ పేగులు కొలిచేది.

ఆ కొలత చూడాల్సిందే. ఒక పిల్లకి కొస చేతికిచ్చి, "నువ్వు మేక తిన్న గడ్డివి. నడు" అనేది. ఆ పిల్ల లాబ్‌లోంచి వరండాలోకి నడిచేది. ఉండ విప్పుతూ మేడం గుమ్మంలో నిలబడేది. గడ్డిపిల్ల మా బోటనీ గది దాటేది, స్టాఫ్ రూమ్ దాటేది, ప్రిన్సిపాల్ గది తలుపు ముందునుంచి పోయేది. ఒకసారి ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చి కాలికి తాడు తగిలి ఇదేమిటని అడిగితే, "మేక పేగండి. జాగ్రత్తగా దాటండి, ఇంకా చిన్నపేగులోనే ఉన్నాం" అంది. ఆయన దాటలేదు. మళ్లీ లోపలికి పోయి తలుపేసుకున్నాడు. గడ్డిపిల్ల సైకిల్ స్టాండ్ దగ్గర ఆగాక మేడం ఇక్కణ్ణించి అరిచేది: గడ్డి అరగాలంటే అంత దూరం నడవాలి, అందుకే మేకకి అంత సంసారం. తర్వాత సొర వంతు. ఇంకో పిల్ల కొస పట్టుకుని రెండంగలేసేసరికి, "ఆగు, అయిపోయింది" అనేది. పిల్లలు నవ్వేవాళ్లు.

అక్కడ ఆవిడ అడిగేది, కళింగపట్నం లైట్‌హౌస్ ఎక్కినవాళ్లెవరు అని. ఎక్కినవాళ్లు చేతులెత్తేవాళ్లు. బయటనుంచి చూస్తే అదెంత, ఒక స్తంభం. లోపల మెట్లు గిర్రున తిరుగుతూ దిగుతుంటే ఎంత సేపు? సొర పేగూ అంతే. పైకి చూస్తే జానెడు గొట్టం, లోపల మడత తిరుగుతూ మెట్లు. తిన్నది ఒక్కసారి జారిపోకుండా, మోకాళ్ల నొప్పుల ముసలాడు దిగినట్టు మెట్టు మెట్టుకీ ఆగి ఆగి దిగుతుంది. ఇది చెప్పేటప్పుడు నా గుమ్మం వైపు ఎందుకు చూసేదో నాకు తెలీదు. అప్పటికి నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

పేగుల కంటే కూడా ఆవిడకి ఇష్టం, పేగులుండే చోటు. "పొట్టలో పేగులు మూటలో కుక్కిన గుడ్డలు కావు. దండెం మీద ఆరేసిన చీరలు" అనేది. వేలాడుతుంటాయి, వాటికి పట్టుకుని పల్చటి తెర ఉంటుంది, ఆ తెరలోంచి రక్తనాళాలు పోతుంటాయి, చుట్టూ ఖాళీ ఉంటుంది. ఖాళీ లేకపోతే కదలవు, కదలకపోతే అరగదు. ఇక గోడ. ఏ జంతువు ఎదురొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న ఒక్కటే: గుండె గదికీ పొట్ట గదికీ మధ్య గోడ ఉందా, లేదా? చేపకి గుండె గది చిన్నది, మధ్యన పల్చటి తడక. కప్పకి గోడే లేదు, ఊపిరితిత్తులూ పేగులూ ఒకే వసారాలో కాపురం. కోడికీ మనలాంటి గోడ లేదు. మేకకీ మనకీ ఉంది, కండతో కట్టినది, ఆ గోడే పైకీ కిందికీ ఆడి ఊపిరి పీల్చేలా చేస్తుంది. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా ఎక్కిళ్లు పెడుతుంటే అందరూ మంచినీళ్లు ఇవ్వబోయేవాళ్లు, ఆవిడ మాత్రం "గోడ తుళ్లిపడుతోంది" అని సంతోషించేది.

బొమ్మలు వెయ్యడంలో మహా కర్కోటకురాలు. పుస్తకంలో ఉన్న అందమైన బొమ్మ చూసి గీసినవాడికి సున్నా. "నీ ట్రేలో పిత్తాశయం పగిలిపోయింది, నీ బొమ్మలో నిగనిగలాడుతోంది. ఎక్కడిది?" అనేది. కనిపించింది గియ్యాలి, కనిపించకపోతే ఆ చోట ఖాళీ వదలాలి. ఖాళీ వదిలిన పిల్లకి మార్కులేసేది. నాకు ఈ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు. ఖాళీ చోటు కనబడితే నింపకుండా ఉండలేను, అది నా జబ్బు.

ఆ జబ్బు పేరు చెప్పాను కాబట్టి ఇక్కడే సొర సంగతి కూడా తేల్చేస్తాను. నిలువెత్తు అన్నాను కదా. చంటిపిల్లాడి నిలువు అనుకోండి. అదీ ఎక్కువే. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంటుంది, పాలసొర. భుజాన వేసుకోలేదు. తాటాకు బుట్టలో పెట్టి బస్సులో తెచ్చాం. బుట్ట ఆవిడ ఒళ్లో ఉంది, టిక్కెట్లు నా జేబులో ఉన్నాయి. నేను మోసింది ఆ టిక్కెట్లే.

కానీ బస్సులో జరిగింది మాత్రం అక్షరాలా నిజం. కండక్టరు వాసన పట్టేశాడు. చేపల బుట్టతో లోపలికి కుదరదు, దిగిపొమ్మన్నాడు. మేడం లాబ్ అనలేదు, కాలేజీ అనలేదు. బుట్టని దగ్గరికి తీసుకుని, "బాలింతకి బాబూ. పాలు పడట్లేదు" అంది. మా వైపు పాలసొర బాలింతకి పెడితే పాలు పడతాయంటారు, తెలుసుగా. బస్సంతా మెత్తబడిపోయింది. ముందు సీట్లో ఆవిడెవరో లేచి చోటిచ్చి, "ఎవులికమ్మా?" అని అడిగింది. మేడం తల తిప్పకుండా నన్ను చూపించి, ఈ మాస్టారి కోడలికి అంది. అప్పటికి మా అబ్బాయికి మీసాలు కూడా రాలేదు. ఆడపిల్లా, మగపిల్లాడా అని ఆ ముందుసీటావిడ నన్ను అడిగింది. ఖాళీ కనబడింది. కవలలు అన్నాను.

ఇంక చూసుకోండి. వెనక సీట్లోంచి ఒకావిడ సొరపిట్టులో వెల్లుల్లి ఎంత వెయ్యాలో చెప్పింది. ఇంకొకావిడ దిష్టి సంగతి చెప్పింది. కండక్టరు తన మరదలికీ కవలలేనని చెప్పి నా భుజం తట్టాడు. సిక్కోల్లో దిగి కాలేజీ గేటు దాకా మేడం బుట్ట పట్టుకుని నా ముందు నడిచింది. గేటు దగ్గర ఆగి, "మాస్టారూ, బండి ఎక్కడానికి ఒక అబద్ధం చాలు. రెండో పిల్లాణ్ణి ఎందుకు పుట్టించినారు?" అని అడిగింది. క్లాసులో పుస్తకం భాష, వరండాలో మాస్టార్ల భాష. కోపమొస్తే మాత్రం నెల్లిమర్ల యాస. ఆ 'పుట్టించినారు' విని, నిజంగానే కోపమొచ్చిందని తెలుసుకున్నాను.

రాష్ట్రం రెండయిన ఏడాది, కాలేజీల్లో ఇంక ఏ జంతువునీ కొయ్యకూడదని మాకు ఉత్తర్వు వచ్చింది. ఆవిడ ఎదురు చెప్పలేదు. చెబుతుందనుకుని స్టాఫ్ రూమ్ అంతా చెవులు రిక్కించుకుని కూచుంటే, "కప్పలకి మంచిదేలెండి. ఇన్నాళ్లు మనం వాటికి చేసిన మేలేం లేదు" అంది. కత్తెరలూ చిమటాలూ నూనె రాసి డబ్బాలో పెట్టించింది. అప్పుడు కంప్యూటర్‌లో వేసుకునే సీడీ ఒకటి వచ్చింది. మౌస్ నొక్కితే కప్ప పొట్ట తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. పిల్లలకి బాగా నచ్చింది. మేడం ఒక పూటంతా ఆ తెర ముందు నిలబడే చూసింది. ఆఖర్న నా గదిలోకొచ్చి, ఆ కప్పకి ఖాళీ లేదు మాస్టారూ అంది. అన్నీ రంగు రంగులుగా ఉన్నాయి, ఏదీ దేని మీదా పడదు, ఏదీ జారదు, చెయ్యి పెట్టడానికి చోటే లేదు అంది.

అక్కణ్ణించి ఆవిడ నడక పెరిగింది. సాయంత్రం పూట సిక్కోలు వీధుల్లో చికెన్ కొట్ల ముందు నిలబడేది. కొనడానికి కాదు, ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. కొట్టువాడు కోడిని తెరిచేటప్పుడు వంగి చూసి, కందనకాయ నాకివ్వు బాబూ అని పుచ్చుకుని, అక్కడే చీల్చి లోపలి గులకరాళ్లు అరచేతిలో పోసుకునేది. ఓసారి నన్ను కూడా లాక్కెళ్లింది. అప్పటికి నాకు కట్టుడు పళ్లు కొత్త. "పళ్లు లేనివాళ్లకి రాళ్లే పళ్లు మాస్టారూ. మీరు కూడా గుప్పెడు మింగేసుంటే ఆ డెంటిస్టు బాధ తప్పేది" అంది. కొట్టువాడు కత్తి పక్కనపెట్టి మరీ నవ్వాడు.

ఆ కొట్టు దగ్గరే ఆవిడకి ఆలోచన తట్టింది. చదువు కోసం చంపొద్దన్నారు, సరే. కూర కోసం చంపినదాన్ని చూడొద్దని ఎవరన్నారు? చేపలు ఎలాగూ కడుగుతారు, కోళ్లు ఎలాగూ కోస్తారు, మేక బోటీ ఎలాగూ అమ్ముతారు. మనం వెళ్లి నిలబడదాం, అంతే. ప్రిన్సిపాల్ గారు చాలాసేపు ఆలోచించి, జీపు ఇస్తాను గానీ తోడుగా ఒక సీనియర్ ఉండాలన్నారు. ఆ సీనియర్ని నేను. సముద్రపు నాచు ఏరుకోవచ్చని ఒప్పుకున్నాను.

డిసెంబరు నెల. కళింగపట్నం ఒడ్డున పడవలు అప్పుడే లాగి పెట్టి ఉన్నాయి, ఇసకంతా ఎండు చేపలు పరిచి ఉన్నాయి. పిల్లలు కొందరు జీపులో, మిగతావాళ్లు బస్సులో వచ్చారు. నూకరత్నం వాళ్లమ్మ కత్తిపీట వేసుకుని మాకోసం ఎదురు చూస్తోంది. తన కూతురు చదివే చదువు తన కత్తిపీట దగ్గరికి నడిచొచ్చిందని ఆవిడకి గర్వంగా ఉంది, దాచుకోలేక పక్కవాళ్లని ఊరికే కసురుతోంది. మేడం కొబ్బరాకులు పరిపించి వాటి మీద వరసగా అన్నీ పెట్టించింది. వంజరం చేప పొట్ట, పాలసొర పొట్ట. సిక్కోలు కొట్టు నుంచి తెచ్చిన కోడిది, మేకది. సొరకీ కోడికీ మధ్యన ఒక ఆకు ఖాళీగా వదిలింది. అది కప్పకీ తొండకీ, వాటినెవరూ కూర వండుకోరు కదా అంది. పిల్లలు ఆ ఖాళీ ఆకుని కూడా బుద్ధిగా చూశారు.

పుల్ల తీసుకుని ఇసకలో గదులు గీసింది, గోడలు గీసింది. నోటి నుంచి చివరిదాకా ఒక్కొక్క పొట్టా విప్పుకుంటూ పోయింది. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట ఒక గుడ్డి సంచి ఉంటుంది, దారి ఒకవైపే. కుందేలుకి అది ఇంత లావు, తిన్న గడ్డంతా అందులో మాగుతుంది. మనిషికి ఎండి, తోకలాగ వేలెడు మిగిలింది. ఇంతవరకూ నేను దగ్గరుండి విన్నదే, ఇందులో కల్తీ లేదు.

నూకరత్నం అందరికంటే వెనక, వలల గుట్టకి ఆనుకుని ఉంది. అది ఎప్పుడూ ముందుండే పిల్ల. ముందురోజు నుంచీ దానికి కడుపు నొప్పట. మేడం తన ఊరికి వస్తుంటే, తన అమ్మ కత్తిపీట దగ్గరే క్లాసు జరుగుతుంటే, నొప్పి అని చెబితే అంతా ఆగిపోతుందని నోరు మూసుకుంది. క్లాసు సగంలో ఉండగా అది ముడుచుకుపోయి ఇసకలో ఒరిగిపోయింది. మొహం పాలిపోయింది. తల్లి పరుగెత్తింది, చుట్టూ ఆడవాళ్లు చేరారు. మా వైపు కడుపు నొప్పంటే ఒకటే మందు. తల్లి ఇంట్లోంచి గ్లాసుడు ఆముదం తెచ్చింది. "ఇది పడితే నొప్పీ గిప్పీ అంతా దులిపీసుకుని పోతాది" అంటూ పిల్ల తల ఎత్తి గ్లాసు నోటి దగ్గర పెట్టింది.

మేడం తుఫానులా వచ్చిపడింది. ఒక్క దెబ్బకి గ్లాసు ఎగిరి ఇసకలో పడింది, సముద్రం ఒడ్డు ఆముదం తాగింది.

లేదు, గ్లాసు ఎగరలేదు. గ్లాసు మీద అరచెయ్యి మూత పెట్టిందంతే. కానీ ఆ చెయ్యి గ్లాసు ఎగరగొట్టే చెయ్యే.

పిల్లని వలల మీద పడుకోబెట్టింది. నొప్పి మొదట ఎక్కడ, ఇప్పుడెక్కడ అని అడిగింది. మొదట బొడ్డు చుట్టూ, ఇప్పుడు కుడివైపు కింద అని పిల్ల చూపించింది. మేడం పొట్ట మీద చెయ్యి వేసి మెల్లిగా నొక్కింది. చప్పున వదిలింది. పిల్ల కెవ్వుమంది. మేడం లేచి నిలబడి, ఇసకలో తాను గీసిన కుందేలు వైపు చూపించి ఆ తల్లికి చెప్పింది. కుందేలుకి ఇది పెద్ద వీధి, మనకి ఇది మూసుకుపోయిన సందు. ఆ సందులో నిప్పంటుకుంది. ఇప్పుడు నువ్వు ఆముదం పోస్తే పేగులన్నీ ఒక్కసారి తోస్తాయి, సందు చివర గోడ పగులుతుంది, ఆ నిప్పు పొట్టగది అంతా పాకుతుంది. దండెం మీద చీరలన్నీ అంటుకుంటాయి. ఇంక ఎవరూ ఆర్పలేరు. అంతే, తల్లి చేతిలో గ్లాసు జారిపోయింది. జీపు బయల్దేరింది.

సిక్కోలు పెద్దాసుపత్రిలో సర్జన్ చూసి, ఇది కనిపెట్టిన డాక్టరెవరు అని అడిగాడని నేను ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. ఆయన అలా అడగలేదు. పిల్ల తాలూకు ఎవరు, ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. కానీ లోపలికి తీసుకెళ్లబోతూ ఆయన ఒక మాట అడిగిన సంగతి నిజం, నా చెవులతో విన్నాను. నొప్పికి ఏమైనా తాగించారా అని అడిగాడు. లేదని మేడం చెప్పింది. "బతికించారు" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తరవాత వరండాలో మేడం నడిచిన నడక నేను మరిచిపోలేను. ఈ గోడ నుంచి ఆ గోడకి. బ్యాగులోంచి పురికొస తీసి చేతికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్లీ చుట్టుకుంటుంది. నూకరత్నం తల్లి నేల మీద కూలబడి ఏడుస్తోంది. మేడం ఆవిడ దాకా వెళ్లి ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. నేను కాఫీ తెచ్చాను. గ్లాసు పుచ్చుకుని ఆ కాఫీని కూడా నడిపించింది, తాగలేదు. ఎన్నో జంతువుల పొట్టలు తెరిచిన చేతులు, అవతలి గదిలో ఒక్క పొట్ట తెరుస్తుంటే తాడు ముడి విప్పుకోలేకపోయాయి. చీకటి పడే వేళకి సర్జన్ బయటికొచ్చి, సరిగ్గా సమయానికి తెచ్చారు, పిల్లకి ఏం భయం లేదన్నాడు. మేడం గోడకి చేరబడింది. కూచుంటుందేమో అనుకున్నాను. కూచోలేదు.

ఇదీ ఆవిడ. ఇంతవరకూ రాసి, బాగానే వచ్చిందనుకున్నాను.

నిన్న నూకరత్నం వచ్చింది, వ్యాసం పట్టుకెళ్దామని. మా ఆవిడ టీ ఇచ్చింది. నేను నిలబడే చదివి వినిపించాను. పురికొస దగ్గర నూకరత్నం కళ్లు తుడుచుకుంది. బస్సులో కవలల దగ్గర పకపకా నవ్వింది. సముద్రపొడ్డు దగ్గరికి వచ్చేసరికి టీ గ్లాసు కింద పెట్టేసింది. నేను చివరిదాకా చదివి, ఎలా ఉందన్నట్టు చూశాను.

"బాగున్నాది మాస్టారూ. అందరూ మెచ్చుకుంటారు" అంది. ఆ తరవాత, "కానీ మీరక్కడ లేరు కదా" అంది.

లేకపోవడమేమిటి అన్నాను.

"ఇసకలో బొమ్మలేసినంత సేపూ ఉన్నారు. తరవాత నాచు ఏరుకుంటా లైట్‌హౌస్ అవతలికి ఎల్లిపోనారు. జీపు కదుల్తంటే సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కినారు."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మరి జీపులో మేడమే నాకు అంతా చెప్పింది కదా అన్నాను.

"జీపులో ఆవిడ నోరిప్పలేదు మాస్టారూ. నా తల ఆవిడ ఒళ్లోనే ఉన్నాది. నాకు తెల్దా?"

నేను కాగితాలు మడిచాను, మళ్లీ విప్పాను. సరే, అయితే ఏం జరిగిందో నువ్వే చెప్పు అన్నాను.

"నా పొట్ట మీద సెయ్యి ఎయ్యలేదు. ఎయ్యబోయి ఎనక్కి తీసీసుకున్నారు. నాను సూసినాను. మా యమ్మ అడిగింది, 'అన్ని కడుపులూ కోసి సూసినావు కదమ్మా, నా గుంటకి ఏటైనాదో సెప్పు' అని. కుందేలు లేదు, సందు లేదు. 'నాను సచ్చిపోయినవాటి కడుపులే సూసినానమ్మా. బతికున్నదాని లోపల ఏటవుతందో నాకు తెల్దు. తెల్సినోల కాడికి ఎల్లేదాకా దాని నోట్లో సుక్క నీరు కూడా పొయ్యకు' అన్నారు. అంతే అన్నారు."

తెలియకుండానే ఆముదం గ్లాసు మీద చెయ్యి పెట్టిందా అని అడిగాను.

"తెల్దు కాబట్టే పెట్టినారు" అంది నూకరత్నం. నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, కుందేలు ఉన్న పేజీ ఏదో వెతికి, అక్కడ వేలు పెట్టి చూపించింది. "ఆవిడ భయపడిపోనారు మాస్టారూ. మీ రాతలో ఆ ముక్కే లేదు."